రాత్రి ఉద్యోగం – రాని నిద్ర

ప్రశ్న: మా అబ్బాయికి 31 సంవత్సరాలు. పటమటలోని మా ఇంట్లోనే ఉండి అమెరికా కంపెనీకి కంప్యూటరు పని చేస్తున్నాడు. సాయంత్రం 5 గంటలకు కూర్చుంటే తెల్లవారుజామున 3 వరకు లేవడు. వారానికి 6 రోజులూ ఇంతే. తలనొప్పి, ఛాతీలో మంట, గుండెదడ అంటాడు. ఇ.సి.జి. బాగానే ఉందన్నారు. నిద్ర కోసం మందుల షాపులో ఇచ్చిన అల్ప్రజోలం మాత్ర 2 నెలలుగా రోజూ వేసుకుంటున్నాడు. పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, పెళ్ళి నిద్రలేమికి మందు కాదు. ముందు ఆ మాత్ర సంగతి చూడండి. అది అలవాటు పడే మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అలాగని ఈ రాత్రే మానిపించకండి. రోజూ వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే వణుకు, ఆందోళన, ఒక్కొక్కప్పుడు ఫిట్లు కూడా రావచ్చు. డాక్టరు సలహాతో మోతాదు కొద్దికొద్దిగా తగ్గించాలి. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. అక్కడికి వెళ్ళినంత మాత్రాన పిచ్చి అనుకోనక్కరలేదు.

ఇక అసలు కారణం, వారానికి 60 గంటల పని. వారానికి 35–40 గంటలు పనిచేసే వారికంటే 55 గంటలు, ఆపైన పనిచేసే వారిలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందక మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయి. ఇ.సి.జి. ఈనాటి గుండె సంగతి చెబుతుందే గాని రేపటికి హామీ ఇవ్వదు. రక్తపోటు, షుగరు, థైరాయిడ్ కూడా చూపించండి.

రాత్రి పని మనకు కొత్త కాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979 నుంచి రాత్రింబవళ్ళు నడుస్తున్నది. కాని అక్కడ షిఫ్టు ముగిసే వేళకు మరొకరు వచ్చి పని అందుకుంటారు. ఇంట్లో చేసే పనికి ఆ విడుదల లేదు. కంప్యూటరు మూసినా ఆలోచన ఆగదు. అడ్రినలిన్, కార్టిసాల్ తగ్గవలసిన వేళకు తగ్గవు. గుండెదడ, నిద్రలేమి అందువల్లనే కావచ్చు.

ఈ క్రింది జాగ్రత్తలు పాటించండి:

1. కాఫీ, టీ రాత్రి 9 తర్వాత వద్దు. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది.
2. భోజనం 9 లోపు ముగించాలి. అర్ధరాత్రి ఆకలైతే ఇడ్లీ, మజ్జిగ చాలు. ఆవకాయ, బిర్యానీ పగటికి ఉంచండి.
3. పడుకునే గది చీకటిగా ఉండాలి. ఉదయం 4 నుంచి 11 వరకు ఫోను, కాలింగ్ బెల్లు, చుట్టాలు అతని దగ్గరకు పోకుండా మీరు కాపలా కాయాలి. సెలవునాడు కూడా నిద్రవేళ మరీ మార్చవద్దు.
4. లేచాక అరగంట ఎండ తగిలేలా నడవాలి.
5. పనిగంటలు తగ్గించమని, పగటి డ్యూటీ ఇవ్వమని కంపెనీని అడగాలి. డాక్టరు సర్టిఫికెట్ జతచేస్తే మంచిది.

ఛాతీలో బరువు, చెమటలు, మూతి వంకర పోవడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. బ్రతకాలని లేదన్న మాట నోట వస్తే తేలికగా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు. సంబంధాలు ఆర్నెల్లు ఆగినా ఫరవాలేదు, నిద్ర ఆగకూడదు.