మండువా లోగిలి

ఒక తరం ఎలా జీవించిందో తెలుసుకోవాలంటే ఆ తరం కట్టుకున్న ఇంటిని చూడాలి. కోనసీమ గ్రామాలలో నేటికీ అక్కడక్కడ చెక్కుచెదరక నిలిచిన మండువా లోగిళ్లు అటువంటి సాక్ష్యాలే. వీధి అరుగు దాటి సింహద్వారంలో అడుగుపెడితే నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ నున్నని టేకు స్తంభాలు. గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్ల, పడక కుర్చీ, పందిరి మంచం, ఇత్తడి పువ్వులు తాపిన భోషాణం, గోడలపై రవివర్మ చిత్రాల ప్రతులు, రంగు వెలసిన పెళ్లినాటి ఛాయాచిత్రాలు ఉన్నచోటనే ఉంటాయి. నగరం నుండి సెలవులకు వచ్చిన మనుమలకు ఇదంతా కాలం చెల్లిన అలంకరణగా తోస్తుంది. పెద్దలకు మాత్రం ప్రతి వస్తువూ ఒక జ్ఞాపకమే.

నిజానికి ఆ ఇంటిలో అలంకారం కన్న ఆలోచనే అధికం. లోపలి వేడిగాలి మండువా గుండా పైకి పోతుంది. అన్ని గదులకూ వెలుతురు అందుతుంది. వానాకాలంలో కప్పు నుండి జారిన నీరు మండువాలో పడి తూము ద్వారా వెలుపలికి పోతుంది. మందపాటి గోడలు ఎండ వేడిమిని త్వరగా లోనికి రానీయవు. పైకప్పు పెంకులను తెలుగువారు బెంగుళూరు పెంకులంటారు గాని, వాటి పుట్టినిల్లు మంగుళూరు. 1865లో అక్కడ బాసెల్ మిషన్ వారు నెలకొల్పిన కర్మాగారంతో వాటి తయారీ ఆరంభమైంది. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం స్థాపించిన తరువాతనే ఆయన చిత్రాల ప్రతులు సామాన్యుల గోడలకెక్కాయి. అంటే నేడు పాతవిగా కనిపించేవి ఒకనాడు సరికొత్తవే. ఆనాటి గృహస్థులు కొత్తదనాన్ని కాదనలేదు. తమ వాతావరణానికీ అవసరానికీ తగినదానిని స్వీకరించారు.

అయితే గతమంతా స్వర్ణయుగమని భావించడం పొరపాటు. మండువాలోని వెన్నెలను తలచుకొని మురిసేవారు వంటయింటి పొగను మరచిపోతారు. ఆ పొగలో కళ్లు మండుతూ ఊదుగొట్టం ఊదిన స్త్రీలకు ఉయ్యాల బల్లపై కూర్చునే తీరిక ఎంత దొరికిందో ఆలోచించాలి. వీధి అరుగు బాటసారికి విశ్రాంతినిచ్చిన మాట వాస్తవమే. కులం పేరిట కొందరిని ఆ అరుగునైనా ఎక్కనీయని మాటా అంతే వాస్తవం. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గృహాన్ని నేటికీ గౌరవంతో కాపాడుతున్నారు. ఆ నగరంలోనే 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. పాత ఆచారాన్ని ఎదిరించిన మనిషి నివసించినందువల్లనే ఆ పాత ఇంటికి అంతటి గౌరవం.

నేడు ఈ లోగిళ్లకు ముప్పు కాలం వల్ల మాత్రమే కాదు. పొలాన్ని పంచుకున్నట్లు ఇంటిని పంచుకోవడం సాధ్యం కాదు. వారసులు దూరదేశాలలో స్థిరపడతారు. పెంకులు సర్దే పనివారు దొరకరు. మరమ్మతుల ఖర్చు ఏటేటా పెరుగుతుంది. చివరకు ఇల్లు నేలమట్టమవుతుంది. స్తంభాలు, తలుపులు విడివిడిగా అమ్ముడై నగరాలలోని హోటళ్లకు శోభనిస్తాయి. సొంత ఇంటిలో పాతబడినదని తీసివేసిన ద్వారబంధాన్నే అక్కడ రుసుము చెల్లించి చూసి ఆనందించడం వింతైన విషయం.

జ్ఞాపకం ఒక్కటే ఏ ఇంటినీ నిలబెట్టలేదు. తాళం వేసిన ఇల్లు చెదలపాలవుతుంది. మనుషులు మసలే ఇల్లు నిలుస్తుంది. వంటయింటికి పొగ లేని పొయ్యి, వృద్ధులకు అనువైన స్నానపు గది, చీకటి గదికి విద్యుద్దీపం అమర్చినంత మాత్రాన లోగిలి అందం తరగదు. నివసించే వీలు లేనిచోట దానిని గ్రంథాలయంగానో, పిల్లల పాఠశాలగానో, అతిథిగృహంగానో మార్చవచ్చు. గాలినీ వెలుతురునూ ఇచ్చిన నేర్పును నిలుపుకోవాలి. మనుషుల మధ్య గీసిన గీతలను చెరిపివేయాలి. ఒకనాడు కొందరినే రానిచ్చిన సింహద్వారం నేడు అందరికీ తెరచుకున్నప్పుడే ఆ ఇంటిని కాపాడిన శ్రమకు సార్థకత.