చెరువు సుడుల లెక్క మనకు పనికొస్తుందా?

నీటి సుడులను కంప్యూటర్‌లో లెక్కగట్టే ‘లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్’ బుక్కరాయసముద్రం చెరువు మొత్తానికి చేయడం కుదిరే పని కాదు. నీటిని 10 సెంటీమీటర్ల గడులుగా విడదీస్తే ఒక్క ఘనపు మీటరుకే 1,000 గడులు. 10 లక్షల ఘనపు మీటర్లకు 100 కోట్లు! గడి కొలత సగం చేస్తే పని సుమారు 16 రెట్లు పెరుగుతుంది. తూము నోరు, మరువ దిగువ వరకైతే ఇంజనీర్లకు ఉపయోగమే.

అయితే అది నీటి లెక్క. కట్ట లోపల మట్టి ఎలా కరుగుతోందో చెప్పదు. ముసలమ్మ కథ తెలిసిన మనకు గండి భయం కొత్త కాదు. చెరువు నిండినప్పుడు కట్ట వెలుపల, తూము పక్కన ఊట చూడండి. తేటగా ఉంటే రోజూ గమనించండి. బురదగా వస్తే మట్టి కొట్టుకుపోతున్నట్టే. బయటి నుంచి బంకమట్టితో మూయకండి, నీరు మరోచోట పొడుచుకొస్తుంది. వెంటనే నీటిపారుదల శాఖ ఏఈకి చెప్పి, రాత్రి కాపలా పెట్టండి.