ఆట నియమంలోనే ఉంది

“ఆటే కదా, దాన్లోనూ స్త్రీవాదమేనా?” అంటారు. అవును. మీటలు నొక్కుతూ ఉక్కు బంతిని గురిచూసి కొట్టే పిన్‌బాల్‌ని నేను వట్టి కాలక్షేపంగా ఒప్పుకోను.

అమెరికాలో విలియమ్స్ కంపెనీ 1991లో తెచ్చిన ‘బ్రైడ్ ఆఫ్ పిన్‌బాట్’ యంత్రాన్నే తీసుకోండి. ఆటబల్ల మీద పరిచింది లోహపు స్త్రీ దేహం. బంతి ఆమె తలలోకి వెళితే మాటొస్తుంది. రెండు కళ్లలోనూ బంతులు పడితే చూపొస్తుంది, ఆపై మనిషవుతుంది. ఆమె గొంతు, ఆమె చూపు అతని పాయింట్లు! బొమ్మకు నిండుగా బట్టలు తొడిగినా ఈ నియమం మిగులుతుంది.

‘ప్లేబాయ్’ లైసెన్సుతో 1978లో బాలీ, 1989లో డేటా ఈస్ట్, 2002లో స్టెర్న్ యంత్రాలు తెచ్చాయి. కంపెనీలు మారినా సరుకు స్త్రీ శరీరమే. ఏ బొమ్మ గీశారని అడిగి ఊరుకోవద్దు; ఏం చేస్తే గెలుపు, ఎవరికి గెలుపు అని కూడా అడుగుదాం.