కుక్క గోరు చీలితే మన మాత్రలు వేయకండి



పోయిన నెల మా మణి ముందుకాలి గోరు గేటు కమ్మీల్లో ఇరుక్కుని చీలిపోయింది. సగం ఊడి వేలాడుతోంది. వాకిలంతా రక్తం. కుక్క గోరు లోపల రక్తనాళం, నరం రెండూ ఉంటాయి, అందుకే అంత రక్తం, అంత నొప్పి.

అరగంటలో వీధి వీధంతా వైద్యులే. ఒకరు కాఫీ పొడి అద్దమన్నారు, ఇంకొకరు ఆ గోరు ఒక్క లాగు లాగి పారేయమన్నారు. నేనేమీ తక్కువ తినలేదు. నా మోకాలి నొప్పి మాత్ర సగం విరిచి పెరుగన్నంలో కలపబోయాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని, ముందు పశువైద్యుడికి ఫోన్ చెయ్యమంది. ఆయన నన్ను బాగానే తిట్టారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేస్తే కుక్కకి కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడిపోతాయి. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పకుండా వేయకూడదు. పిల్లికైతే అది విషమే.

ఇంటి వైద్యం వద్దని నేననను. రక్తం ఆపడం మన పనే. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు నొక్కి పట్టాలి. నిమిషానికోసారి ఎత్తి చూస్తే ఆగదు. అప్పటికీ కారుతుంటే కొంచెం కార్న్‌ఫ్లోర్ అద్దవచ్చు. ఆగాక గోరువెచ్చని ఉప్పునీళ్లు పోసి, వదులుగా కట్టు కట్టి, పైన పాత సాక్సు తొడగాలి. నాకనివ్వకూడదు. ఒక మాట, ఎంత సాధువైన కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే వెళ్లి టీకా వేయించుకోండి. మన కుక్కే కదా అనుకోకండి.

వేలాడే గోరు తీయడం మాత్రం మన పని కాదు. మత్తు ఇచ్చి తీయాలి. మణికి అలాగే తీశారు. ఇరవై నిమిషాలైనా రక్తం ఆగకపోయినా, వాపు, చీము, వాసన వచ్చినా, కాలు కింద పెట్టకపోయినా ఆసుపత్రికే పోవాలి. గోరుకి ఆసుపత్రి ఏమిటని మనవాళ్లే కొందరు నవ్వారు. వాళ్ల కాలి గోరు ఊడితే ఎక్కడికి పోతారో అడగాలనిపించింది, అడగలేదు. ప్రభుత్వ పశువైద్యశాలలు మన పన్నుతోనే నడుస్తున్నాయి. చెన్నైలో ఉన్నవారికి వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉండనే ఉంది.

కొత్త గోరు పూర్తిగా రావడానికి కొన్ని నెలలు పడుతుందట. గేటుకి మాత్రం మరునాడే వల కొట్టించాను.