నవ్వుతూ చూసే నెత్తురు

యౌవనస్థుల కూటం ముగిశాక తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: “అయ్యగారూ, భయపెడుతూ నవ్వించే ఆ నెత్తుటి సినిమాలు మా పిల్లలు చూడవచ్చా?”

2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’నే తీసుకుందాం. స్నేహితుడి పెళ్లికని కర్నూలు వెళ్లిన కుర్రాళ్లు జాంబీల మధ్య చిక్కుకుంటారు. కొరుకుళ్లు, నెత్తురు, వాటి నడుమ నవ్వులు.

సర్టిఫికెట్ చూసి నిశ్చింతగా ఉందామంటే కుదరదు. 2024 నియమాలతో యూఏ ముద్ర 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. అయితే 18 ఏళ్లలోపు వారిని హాలు గుమ్మం దగ్గర ఆపేది ‘ఏ’ ఒక్కటే. యూఏ పక్కనున్న అంకె తల్లిదండ్రులకు సూచన మాత్రమే. తీర్పు మన ఇంటికే వదిలారు.

నెత్తురు కనబడిందని మాత్రమే కాదనలేం. బైబిలు కూడా నెత్తురును దాచలేదు. కానీ అక్కడ హేబెలు రక్తం మొరపెడుతుంది. కాబట్టి మనం అడగవలసింది ఇది: ఈ సినిమా దేన్ని చూసి నవ్వమంటోంది? భయంతో తత్తరపడేవాణ్ణి చూసి నవ్వితే పెద్ద హాని లేదు. బాధతో విలవిల్లాడేవాణ్ణి చూసి నవ్వడం అలవాటైతే, కనికరం మొద్దుబారుతుంది.

మా సలహా: పదమూడేళ్లు నిండనివారికి వద్దు. 16+ ముద్ర ఉంటే ఆ వయసు దాకా ఆగండి. ఆపైన, ముందు మీరు చూసి, తర్వాత వారి పక్కన కూర్చోండి. ఎక్కడ, ఎందుకు నవ్వారో ఆ రాత్రే అడగండి; కసరకండి. మనమూ అక్కడే నవ్వి ఉంటే ఒప్పుకుందాం.