పడవ సామాను: కొనే చేయి, అమ్మే నోరు

అబిడ్స్ అనే పేరు ఒక దుకాణదారుడి పేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర సేవకుడుగా ఉన్న ఆల్బర్ట్ అబిడ్ ఆ కూడలిలో దుకాణం పెట్టాడు. నవాబుగారు ఒకసారి వాడి పక్కన పడేసిన వస్తువులనే తుడిచి, మెరుగు పెట్టి, మళ్ళీ నవాబుగారికే అమ్మేవాడని నగరంలో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆదివారం పెద్ద దుకాణాలు మూసి ఉన్న వేళ అక్కడి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. వాడిన వస్తువును తిప్పి చూసి బేరమాడే విద్య మన ఊరివాళ్ళకు ఒకరు నేర్పనక్కరలేదు.

అయితే పాత పుస్తకంలో నాలుగు పేజీలు లేకపోతే పోయేది కొద్ది డబ్బు. పాత లైఫ్ జాకెట్‌లో తేలే గుణం లేకపోతే పోయేది ప్రాణం. సెలవు రోజున గాలం పట్టుకొని నీటి మీదికి వెళ్ళే సరదా ఉన్నవారు మన కుటుంబాలలో కూడా ఉన్నారు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి చిన్న ఫైబర్ పడవ కొనుక్కుంటారు, దానికి సామాను వెదుకుతారు, మోజు తీరాక అమ్మేస్తారు. వారి నిమిత్తమే ఈ నెల ఈ నాలుగు మాటలు.

మన నగరానికి సముద్రం లేదు. కాకినాడలో, విశాఖపట్నంలో పడవకు కావలసినవన్నీ రేవు చుట్టుపక్కలే దొరుకుతాయి. ఇక్కడ తాడు ఒకచోట, గాలం ఒకచోట, మోటారు మరొకచోట వెదుక్కోవాలి. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ దశాబ్దాలుగా విశాఖపట్నాన్ని నాంపల్లి స్టేషనుతో కలిపింది గనుక, కోస్తాలో ఉన్న బావమరిదికో పెదనాన్న కొడుక్కో చెప్పి తెప్పించుకోవడం కూడా మనకు అలవాటే. ఇలా పది చోట్ల కూడగట్టిన సామానులో సగం ఎవరో ఒకరు వాడి వదిలినదే అవుతుంది. అందుకే చూసి కొనడం ముఖ్యం.

ముందుగా సామానును రెండు రాసులుగా విడదీయండి. చేపను పట్టేది ఒక రాశి, మనిషిని కాపాడేది ఇంకొక రాశి. మొదటి రాశిలో ఎంత బేరమాడినా తప్పు లేదు. కర్రకున్న రింగులలో నుంచి కొంచెం దూది లాగి చూడండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్లు, ఆ పగులు దారాన్ని కోసేస్తుంది. రీలు పిడి తిప్పితే ఇసుక నలిగిన చప్పుడు రాకూడదు. నైలాను దారం మాత్రం పాతది వద్దు. ఎండకు దాని బలం తగ్గుతుంది, కంటికి తెలియదు. రెండు కిలోల బొచ్చె చేప వచ్చి లాగినప్పుడే తెలుస్తుంది. తెగినా నష్టం ఒక చేప, ఒక గాలం, ఇంటికి వెళ్ళాక కొంచెం పరిహాసం. అంతే.

రెండవ రాశి అలాంటిది కాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర విహారపు బోటు మునిగిపోయింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు, 26 మంది బ్రతికి బయటపడ్డారు. చనిపోయినవారిలో మన హైదరాబాదు వారూ, వరంగల్ వారూ ఉన్నారు. ఆ బోటు ఎక్కిన ప్రయాణికులలో ఎవరూ దాని సామాను కొన్నవారు కారు. ఎవరో కొని అమర్చి ఉంచారు, వీరు నమ్మి ఎక్కారు. మన చిన్న పడవలోనూ అంతే. భార్య, పిల్లలు, సెలవులకు వచ్చిన మేనల్లుడు, వీరెవరూ జాకెట్టు విప్పి లోపల ఏముందో చూడరు. నాన్న కొన్నాడు, మామయ్య కొన్నాడు, ఆ నమ్మకం చాలు వారికి. పడవకు సామాను కొనే చేయి ఇంకొకరి ప్రాణానికి పూచీ పడుతున్నదని మనం మరువకూడదు.

గనుక లైఫ్ జాకెట్టును ఇలా చూడండి. లోపలి స్పాంజిని బొటనవ్రేలితో గట్టిగా నొక్కి వదలండి. లేచి యథాస్థానానికి రావాలి. గుంట పడి ఉండిపోయినా, పొడిపొడిగా రాలినా అది పనికిరాదు. గుడ్డ రంగు వెలిసి, కుట్టు దగ్గర వ్రేళ్ళతో లాగితే చిరుగుతుంటే వద్దు. బకిల్ పెట్టి రెండు చేతులతో గుంజండి. లోపలి చీటీ మీద ఎంత బరువు మనిషికో, ఎన్ని న్యూటన్లో వ్రాసి ఉంటుంది. 100 న్యూటన్లంటే సుమారు 10 కిలోల బరువును పైకి ఎత్తే బలం. నీటిలో మనిషి బరువు చాలావరకు నీరే మోస్తుంది గనుక తల పైన నిలపడానికి ఆ బలం సరిపోతుంది. 50 న్యూటన్ల జాకెట్టు ఈత వచ్చినవారికి, ఒడ్డు దగ్గరలో ఉన్నప్పుడు మాత్రమే. చీటీ ఏమి చెప్పినా, లోతు ఛాతీ దాటని చోట, పక్కన ఈతగాణ్ణి పెట్టుకొని, ఒకసారి తొడుక్కొని వెనక్కి వాలి చూడండి. నోరు నీటికి పైన ఉండాలి.

పిల్లల విషయంలో ఇంకొక మాట. జూన్‌లో స్కూలు యూనిఫాం కొనేటప్పుడు వచ్చే ఏడాదికి కూడా వస్తుందని ఒక సైజు పెద్దది తీసుకుంటాము. అది మంచి పొదుపే. లైఫ్ జాకెట్టుకు ఆ లెక్క పనికిరాదు. తొడిగి బకిల్స్ బిగించాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లేపండి. జాకెట్టు జారి గడ్డం, చెవులు దాటిపోతే బిడ్డ నీటిలో అందులో నుంచి జారిపోతాడు. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పక ఉండాలి. నాంపల్లి నుమాయిష్‌లోనో బజారులోనో ముచ్చటగా కనబడే గాలి ఊదే చొక్కాలు ఆటవస్తువులు, వాటిని పడవలోకి తేవద్దు.

పాత మోటారు కొనేవారు దాన్ని డ్రమ్ము నీటిలో పెట్టి నడిపించమనండి. వెనుక నుంచి సన్నని నీటి ధార రావాలి. అది ఇంజను చల్లబడుతున్నదనడానికి గుర్తు. అడుగున ఉన్న గేరు ఆయిలు ఒక చుక్క తీసి చూడండి, పాలలాగా తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయి. డ్రైవరు ఒంటికి తగిలించుకునే ఎర్రని తాడును లాగి చూడండి, లాగీ లాగగానే మోటారు ఆగాలి. ఆ తాడు లేని మోటారు ఎంత చవకైనా తీసుకోవద్దు. లంగరు తాడు నీటి లోతుకు అయిదు నుంచి ఏడు రెట్లు ఉండాలి. లంగరును పడవ ముందు కొసకే కట్టాలి, వెనుక కొసకు కడితే అల లోపలికి వస్తుంది. తెడ్లు, ఈల, నీళ్ళు తోడే డబ్బా తక్కువ డబ్బు సామానే గాని మరువకండి. పడవకు కాగితాలు ఉన్నాయా, 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెస్సెల్స్ చట్టం క్రింద నమోదు అయిందా అని అడగండి. చాలా చెరువులలో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. వారి అనుమతి లేకుండా గాలం వేస్తే మన సరదా వారి కూటిలో చేయి పెట్టడమే.

ఇక అమ్మేటప్పటి సంగతి. కొనేటప్పుడు ఇంత జాగ్రత్తగా చూసే మనము అమ్మేటప్పుడు ఏమంటాము? “ఒక్కసారే వాడినం సార్, కొత్తదే అనుకోండ్రి.” ఈ మాట ఎన్నిసార్లు విన్నామో, అన్నిసార్లూ నవ్వుకున్నాము. అదే మాట మన నోట వచ్చినప్పుడు మాత్రం అది వ్యాపారం అంటాము. కొనేవాడు వస్తువును కించపరచి బేరం తెగాక ఇంటికి వెళ్ళి గొప్పలు చెప్పుకోవడం సామెతల గ్రంథం నాటికే పాత అలవాటు. అమ్మేవాడు లోపాన్ని మూసిపెట్టడం దానికి జోడు. రీలు విషయంలో అది చిన్న దొంగతనం. జాకెట్టు విషయంలో దానికి ఇంకా పెద్ద పేరు ఉంది.

కనుక మేము చెప్పేది ఇది. మోటారు అమ్మితే ఒక కాగితం మీద దాని నంబరు, ఏ ఏట కొన్నారు, ఏమి రిపేరు చేయించారు, ఇప్పుడు ఏ లోపం ఉంది, అన్నీ వ్రాసి సంతకం పెట్టి ఇవ్వండి. వెయ్యి రూపాయలు తగ్గవచ్చు, తగ్గనివ్వండి. పాడైన లైఫ్ జాకెట్టును అమ్మవద్దు, ఊరకే కూడా ఇవ్వవద్దు. యువజన శిబిరానికి పనికొస్తుందిలే అని దానం చేయడం మరీ ప్రమాదం. అక్కడ దాన్ని తొడిగేది ఈత రాని బిడ్డకే. కత్తెర తీసుకొని పట్టీలు కోయండి, స్పాంజిని అడ్డంగా రెండు ముక్కలు చేయండి, ఆ తరువాతనే కబాడీవానికి వేయండి. కోయకుండా వేస్తే అది కడిగి ఆరబెట్టబడి మళ్ళీ ఎక్కడో ఒక ఫుట్‌పాత్ మీద కొత్త జాకెట్టుగా కూర్చుంటుంది.

వచ్చే సెలవులలోగా ఇంట్లో, అటక మీద, మేడ మీద ఉన్న పడవ సామానును ఒకసారి కిందికి దించండి. పిల్లలనూ దగ్గర కూర్చోబెట్టుకొని ఒక్కొక్కటీ నొక్కి, గుంజి, తూచి చూడండి. ఏది ఉంచాలో, ఏది అమ్మాలో, ఏది కత్తెరకు ఇవ్వాలో వారి ముందే తేల్చండి. బేరమాడడం వారు ఎలాగూ అబిడ్స్‌లో నేర్చుకుంటారు. లోపం చెప్పి అమ్మడం మాత్రం ఇంట్లోనే నేర్వాలి.