బంతి ఆట – సాయంకాల కీర్తన



ఈ మాసము ఫుట్‌బాల్ గురించి వ్రాస్తున్నామంటే సంఘ పెద్దలు కొందరు నొసలు చిట్లిస్తారని మాకు తెలుసు. మేము గొప్ప అభిమానులము కాము. నాలుగేండ్లకోసారి ప్రపంచ కప్పు వచ్చినప్పుడు టీవీ ముందు కూర్చుంటామే గాని, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ యౌవనస్థులనే అడుగుతుంటాము. అయితే ఈ ఆటకూ మన కీర్తనలకూ చాలా పాత చుట్టరికము ఉన్నది.

ఇంగ్లాండులోని ఎవర్టన్ క్లబ్బు 1878లో ఒక మెథడిస్టు ప్రార్థనా మందిరపు యువకులతో మొదలైనది. సౌతాంప్టన్ క్లబ్బు 1885లో సెయింట్ మేరీస్ చర్చి యువజన సంఘము నుండి పుట్టినది. అందుకే ఆ జట్టు వారిని నేటికీ "పరిశుద్ధులు" అంటారు. (ఆ పరిశుద్ధులు ఓడిన రోజున వారి అభిమానులు పలికే మాటలు ఈ పత్రికలో వ్రాయదగినవి కావు.) మన దేశములో 1911 జూలై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు తెల్ల సైనికుల జట్టును 2-1తో ఓడించినది. ఆ పదకొండు మందిలో పదిమంది వట్టి కాళ్లతో ఆడారు. బూట్లు వేసుకొన్న ఒకే ఒక్కడు సుధీర్ చటర్జీ. ఆయన మన క్రైస్తవ సహోదరుడే, తరువాత దైవసేవకుడు కూడా అయ్యాడు.

మేము చెప్పదలచినది మాత్రము ఒక కీర్తన సంగతి. ఇంగ్లాండులో ఎఫ్.ఎ. కప్పు ఫైనల్ ఆటకు ముందు "అబైడ్ విత్ మీ" అనే కీర్తన పాడటము 1927 నుండి ఆచారము. దానిని వ్రాసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ బ్రిక్స్‌హామ్ అనే జాలరుల ఊరిలో ఇరవై ఏండ్లకు పైగా కాపరిగా ఉన్నాడు. 1847 సెప్టెంబరులో, రోగముతో శరీరము క్షీణించిపోయిన స్థితిలో, తన సంఘమునకు చివరిసారి వాక్యము చెప్పి సంస్కారము ఇచ్చాడు. ఆ నవంబరు 20న ఫ్రాన్సు తీరమున నీస్ పట్టణములో ప్రభువునందు నిద్రించాడు. ఎమ్మాయు దారిలో శిష్యులిద్దరు ప్రొద్దు వాలినదని చెప్పి ప్రభువును తమ ఇంట ఉండమని బలవంతము చేశారు గదా (లూకా 24:29), ఆ మనవియే ఆ కీర్తన. నేడు మనము వినే రాగము 1861లో విలియమ్ హెన్రీ మంక్ కట్టినది. గాంధీగారికి ఎంతో ఇష్టమైన కీర్తన గనుక ఢిల్లీలో గణతంత్ర వేడుకల ముగింపు రోజున సైనిక వాద్యములతో ఎన్నో ఏండ్లు వాయించారు. 2022లో దానిని తీసివేశారు.

చనిపోబోయే మనిషి ప్రార్థనకు బంతి ఆటలో ఏమి పని? మేమూ అలాగే అనుకున్నాము. కాని 1927 ఏప్రిల్ 23న, ఆ కీర్తన మొదటిసారి పాడిన రోజున ఏమి జరిగినదో చూడండి. వేల్స్ దేశపు కార్డిఫ్ జట్టుకూ లండను ఆర్సెనల్ జట్టుకూ ఆట. ఆర్సెనల్ గోలుకీపరు డాన్ లూయిస్ తాను వేల్స్ వాడే. ఆట ముగింపునకు వస్తుండగా ఒక మామూలు బంతి ఆయన చేతిలోకి వచ్చి, జారి, చంక క్రిందుగా గోలులోనికి దొర్లిపోయినది. ఆ ఒక్క గోలుతోనే కప్పు వేల్స్‌కు పోయినది. ఇంగ్లాండు వెలుపలికి ఆ కప్పు వెళ్లినది ఆ ఒక్కసారే. ఓడినవారికిచ్చే పతకమును లూయిస్ నేలకు విసిరివేశాడనీ, తోటి ఆటగాడొకడు దానిని తీసి, నీకు మరొక అవకాశము వస్తుందని ఓదార్చాడనీ చెబుతారు. 1930లో ఆర్సెనల్ మళ్లీ ఫైనల్‌కు వచ్చి గెలిచినది. లూయిస్ గాయపడి ఆ ఆట ఆడలేకపోయాడు.

2002లో యోకొహామాలో బ్రెజిల్ వారు 2-0తో జర్మనీని గెలిచి, మైదానములో వలయముగా మోకాళ్లూని ప్రార్థించినప్పుడు మేము ఆ సంగతిని రెండు మూడు ప్రసంగములలో వాడుకున్నాము. ఓడినవారిలోనూ ప్రార్థించినవారు ఉండి యుంటారన్నది మాకప్పుడు తోచలేదు. లైట్ కీర్తనలో గెలిపించుమన్న మాటే లేదు. ప్రక్కన ఉండమని మాత్రమే అడుగుతాడు.

ఇక మా సంగతి చెప్పక తప్పదు. 2022 డిసెంబరు 18 ఆదివారము. రాత్రి ఎనిమిదిన్నరకు అర్జెంటీనా, ఫ్రాన్సు ఫైనల్. ఆ సాయంకాలపు ఆరాధన మామూలుకంటె పావుగంట ముందే ముగిసినదంటే కారణము మేమే. క్రిస్మస్ పాటలు నేర్చుకొంటున్న క్వయరు పిల్లలు కొందరు మా ఇంటనే ఆట చూడటానికి కూర్చున్నారు. అర్జెంటీనా రెండు గోల్స్ ముందున్నది. అప్పుడు పొరుగు వీధి నుండి కబురు వచ్చినది: మంచము పట్టిన ఒక వృద్ధ సహోదరికి ఆయాసము ఎక్కువైనదట, అయ్యగారు వచ్చి ఒక పాట పాడి ప్రార్థన చేయాలట. ఆర్.ఎమ్.పి. డాక్టరు వచ్చి చూశాడనీ, భయము లేదన్నాడనీ కూడా చెప్పారు. భయము లేదన్న ఆ ఒక్క మాటను మేము గట్టిగా పట్టుకున్నాము. "తెల్లవారగానే వస్తామని చెప్పండి" అన్నాము.

క్వయరులో డోలకు వాయించే పిల్లవాడొకడు లేచాడు. ఆమెకు మనుమడూ కాదు, బంధువూ కాదు. "నేను వెళ్లి పాడతానండీ అయ్యగారూ" అని చెప్పులు వేసుకొన్నాడు. మేము తలయూపాము. అతడు వెళ్లిన కాసేపటికే ఎంబాపే రెండు నిమిషములలో రెండు గోల్స్ వేశాడు, ఇల్లంతా కేకలు. ఆట ముగిసేసరికి పదకొండు దాటినది. మాకు మాత్రము ఆ మెస్సీ కప్పు పట్టుకొన్న సంబరము సరిగా కంటికి ఆనలేదు.

తెల్లవారుజామున వెళ్లాము. సహోదరి కుదుటపడి గోడకు ఆనుకొని కాఫీ త్రాగుతున్నది. "రాత్రంతా పాడాడు అయ్యగారూ, వాడికి నాలుగే పాటలు వచ్చు, అవే మళ్లీ మళ్లీ పాడాడు" అని నవ్వినది. రాత్రి ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. అడిగియుంటే బాగుండేది. పిల్లవాడు అరుగుమీద దుప్పటి కప్పుకొని పడుకున్నాడు. మా అలికిడికి లేచి, కళ్లు నులుముకుంటూ అడిగిన మొదటి మాట: "అయ్యగారూ, ఎవరు గెలిచారండీ?"